శ్రీధర్ సారు పోల్చి చూసిన ఆరేళ్లు

టేకులపల్లిలో మా జూనియర్ కాలేజీ స్టాఫ్‌రూంలో మూడు బీరువాలున్నాయి. ఒకటి పరీక్ష పేపర్లది. ఒకటి తాళంచెవి పోయినది. మూడోది లెక్కల లెక్చరర్ శ్రీధర్ సారుది. అందులో పద్నాలుగు లాంగ్ నోటుబుక్కులున్నాయి. అన్నిటి అట్టల మీదా ఆయన గుండ్రటి చేతిరాతలో ఒకే ప్రశ్న ఉంటుంది: పెద్దవా, చిన్నవా? దాని కింద సంవత్సరం. పద్నాలుగు పుస్తకాలు నిండినా ప్రశ్న మారలేదు. జవాబు కూడా రాలేదు.

సారుకి నలభై ఆరేళ్లు. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలోని తండాలో పుట్టి, ఆ తండాలో మొదటి పీజీ చేసిన మనిషి. ఆయన నిజాయితీని గానీ, కూడికలను గానీ ఎవరూ శంకించలేదు. జీవితంలో తప్పు చేయకుండా బతకడం ఎలాగో ఆయన ఎప్పుడో కనిపెట్టారు. ఏ పనీ మొదలుపెట్టకపోతే చాలు.

పుస్తకాల కథ 2019లో మొదలైంది. ఆ ఏడు వానాకాలంలో సారు తండ్రి భద్రు చనిపోయాడు. లంబాడీల ఇళ్లల్లో భర్త పోయిన స్త్రీ జుట్టుకు వేలాడే వెండి టోప్లీలు తీసేస్తుంది. తల్లి మోతీ వాటితో పాటు మెడలోని హాస్లినీ, కాళ్ల కడియాలనూ కూడా తీసేసింది. దీపావళి తర్వాత కొడుకును పిలిచి హాస్లి, కడియాలు చేతిలో పెట్టింది. బరువైనవి అవే. కిలో పైచిలుకు. వీటిని అమ్మి ఎక్కడన్నా పెట్టు, కవిత పెద్ద చదువుకు అందాలి అని చెప్పింది. కవిత సారు కూతురు, అప్పటికి ఏడో తరగతి.

సారు ఖమ్మంలో అమ్మారు. నలభై వేల చిల్లర వచ్చింది. దాన్ని సేవింగ్స్ ఖాతాలో వేశారు, తాత్కాలికంగా. ఆ మాట ఆయనే నాతో అన్నారు, తాత్కాలికంగా అని. ఆ తాత్కాలికానికి మొన్న దీపావళితో ఆరేళ్లు నిండాయి.

ఇంతకీ ఆయన పోల్చింది దేన్నంటే, రెండు బుట్టల్ని. ఈటీఎఫ్ అంటే చాలా కంపెనీల షేర్లను కలిపి కట్టిన బుట్ట. మార్కెట్లో ఒక్క షేరు కొన్నట్టే ఆ బుట్టను కొనొచ్చు, అమ్మొచ్చు. ఏ కంపెనీల లాభాలతో, ఆస్తులతో పోలిస్తే షేరు ధర తక్కువగా ఉందో, అంటే మార్కెట్ ఎవరి మొహం చూడటం మానేసిందో, వాటినే ఏరి కడితే అది వాల్యూ బుట్ట. అందులో పెద్ద కంపెనీలవి ఒకటి, చిన్న కంపెనీలవి ఒకటి. విదేశాల పాత లెక్కలు చూస్తే చాలా దీర్ఘకాలంలో చిన్నవి ఎక్కువ ఇచ్చాయి. కానీ మధ్యలో ఏళ్లకేళ్లు ఎండగట్టాయి, పడినప్పుడు పెద్దవాటికంటే లోతుగా పడ్డాయి. పైగా చిన్న బుట్టల్లో కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ పలచన. తొందరపడి ఏ ధరకైనా సరే అని కొంటే, లోపలి సరుకు విలువకన్నా ఎక్కువ పెట్టాల్సి రావచ్చు. పెద్దవాటికి ఆ బెడద తక్కువ, ఆశా తక్కువ.

సారు దీన్ని నాకు ఇంకా సులువుగా చెప్పారు. "పెద్దవి భద్రాచలం పోయే పాత బస్సు మేడం. లేటుగ వస్తది, కిటికీలు గలగలమంటయి, కానీ దింపుతది. చిన్నవి అడవి దారిన పోయే షేరాటోలు. ఒకటి బోల్తా పడ్తది, ఒకటి పంచరైతది, ఒకటి మాత్రం బస్సు కంటె గంట ముందే చేరుస్తది."

"మరి మీరు ఏది ఎక్కారు సార్?"

"బస్టాండ్లనే ఉన్న" అన్నారు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

బస్టాండులో ఉండటానికి ఆయనకు ఎప్పుడూ కారణం దొరికేది. మొదట మన దగ్గర చిన్న కంపెనీల బుట్టే లేదు, వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం అన్నారు. మార్కెట్ పడితే కొందాం అన్నారు. కరోనాలో పడింది. ఇంకా పడుతుంది అన్నారు. లేచింది. మరీ లేచింది, దిగనీ అన్నారు. ఇంతలో చిన్న బుట్ట వచ్చింది. అది అచ్చంగా వాల్యూది కాదు, దగ్గరిది అన్నారు. కొత్తది కదా, ఏడాది చరిత్రన్నా ఉండాలి అన్నారు. ఏడాదీ నిండింది. ఎన్నికలున్నాయి అన్నారు. ఎన్నికలైపోయాక ఎక్కడో యుద్ధం దొరికింది. యుద్ధం లేని ఏడాది వస్తే ఏం చేసేవారో నాకు తెలియదు. రాలేదు కాబట్టి బతికిపోయారు.

ఈ ఆరేళ్లలో తండాకు వెళ్లినప్పుడల్లా మోతీ ఒక్క మాట అడిగేది. నా వెండి ఏడికొచ్చింది బిడ్డా? పెరుగుతాంది యాడీ, అని సారు చెప్పేవారు. యాడీ అంటే అమ్మ. అది అబద్ధం కాదు. ఏడాదికి మూడు శాతం పెరుగుతూనే ఉంది.

నేను రెండేళ్ల క్రితం ఈ కాలేజీకి ఫిజిక్స్ చెప్పడానికి వచ్చాను. మా పాపకు పదకొండు నెలలు. పాప పుట్టిన వారానికే, కాలేజీ ఫీజు ఏటా పది శాతం చొప్పున పెరిగితే పద్దెనిమిదేళ్లకు ఎంతవుతుందో లెక్కగట్టి ఆ కాగితాన్ని చించేశాను. చించితే అంకె తగ్గదని ఎమ్మెస్సీ చదివినదానికి తెలియకపోదు. అందుకే సారు దగ్గరికి వెళ్లి, పాప పేరున నెలకు కొంత పెట్టాలి, పెద్దదా చిన్నదా అని అడిగాను. ఆయన బీరువా తీసి మొదటి నాలుగు పుస్తకాలు ఇచ్చారు. ఇవి చదివి రండి, అప్పటికి మిగతావి ఒక కొలిక్కి వస్తాయి అన్నారు. అలా నేనూ బస్టాండులో చేరాను.

నవంబరులో కవితకు బీఎస్సీ నర్సింగులో సీటు వచ్చింది. ప్రైవేటు కాలేజీ. ఫీజు, హాస్టలు కలిపి తొంభై ఐదు వేలు నాలుగు రోజుల్లో కట్టాలి, లేకపోతే సీటు వెనక్కి పోతుంది. సారు జీతం అప్పటికే ఇంటి లోనుకూ ఆయన తమ్ముడి ఆపరేషనుకూ పోతోంది. ఇంట్లో అందరికీ ధైర్యం ఒక్కటే: నానమ్మ వెండి ఆరేళ్లుగా పెరుగుతోంది కదా.

ఆ శనివారం సారు నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఆయన అంత తటపటాయిస్తూ నిలబడటం నేను చూడలేదు. రేపు తండాకు వస్తారా అని అడిగారు. తల్లికి ఈ పెద్దవీ చిన్నవీ తేడా కొంచెం సైన్సు పద్ధతిలో వివరించాలట. తను చెబితే కొడుకు చెప్పినట్టుంటుంది, బయటివాళ్లు చెబితే విషయంలా ఉంటుంది అన్నారు. నాకు అర్థమైంది. తప్పు ఒప్పుకోవడానికి కూడా ఆయన ముందుమాట రాయించుకుంటున్నారు.

పాపను తీసుకుని వెళ్లాను. మోతీ వాకిట్లో కూర్చుని ఏరిన పత్తిలోంచి ఎండాకులు తీస్తోంది. డెబ్భై ఏళ్లుంటాయి, చేతులు మాత్రం ఆగవు. పక్కన సారు భార్య సువర్ణ ఉంది. అంగన్‌వాడీ టీచరు. కవిత కూడా అక్కడే ఉంది. మా పాప కిందకు దిగీ దిగగానే గుప్పెడు పత్తి నోట్లో పెట్టుకుంది. నేను అరిచేలోపే మోతీ ఒక వేలితో దాన్ని బయటికి లాగి, మళ్లీ ఆకులు ఏరుకోవడం మొదలుపెట్టింది.

నేను చెప్పాను. పెద్ద కంపెనీలంటే ఏమిటి, చిన్నవంటే ఏమిటి, చవగ్గా ఉండటం అంటే ఏమిటి, చవగ్గా ఉన్నదల్లా మంచిది ఎందుకు కాదు, ఏది ఎంత ఊగుతుంది. పత్తినే ఉదాహరణగా తీసుకున్నాను. నా మటుకు నాకు క్లాసు బాగా వచ్చిందనిపించింది. మోతీ శ్రద్ధగా విన్నది. మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు కూడా వేసింది. చిన్న కంపెనీ మునిగితే బుట్టలో మిగిలినవి నిలబడతాయా అని అడిగింది. నా ఇంటర్ పిల్లలు ఎన్నడూ అడగనంత మంచి ప్రశ్న. సారు నోటుబుక్కులోని గ్రాఫులు తిప్పి చూపించారు. ఎర్ర గీత పెద్దది, నీలం గీత చిన్నది. చక్కగా గీశారు, స్కేలు పెట్టి.

అంతా అయ్యాక మోతీ పత్తి పక్కకు పెట్టింది.

"మంచిగున్నది. రెండు జూసినవు. మరి ఏది కొన్నవు?"

సారు గ్రాఫు వైపు చూశారు. ఎర్ర గీత గానీ నీలం గీత గానీ సాయానికి రాలేదు.

"ఏదీ కొనలే యాడీ" అన్నారు. "బ్యాంకుల ఉన్నయి. నలభై ఎనిమిది అయినయి."

సువర్ణకు ఇది కొత్త సంగతి కాదని ఆమె మొహం చూస్తేనే తెలిసింది. అయినా ఈ రోజు కోసం దాచుకున్నట్టు నిదానంగా నాతో అన్నది. "పిల్లను జూసేటందుకు పోయి ఆరేండ్లు జూసుకుంటనే కూసున్నడు మేడం మీ సారు. ఆ పిల్లలిద్దరికి పెండ్లిళ్లయి సంసారాలు జేస్కుంటున్నరు. ఈయన ఇంక జాతకాలు గలుపుతుండు."

పెద్ద బుట్టను ఆ రోజే కొని ఉంటే డబ్బు రెండున్నర రెట్లయ్యేదని సారు పుస్తకంలోనే ఉంది, పేజీ నంబరుతో సహా. అంటే ఫీజు మొత్తం వచ్చేది. అది ఆయనకు అందరికంటే బాగా తెలుసు. ఇంకో లెక్క మాత్రం ఆయన పుస్తకాల్లో లేదు. ఈ ఆరేళ్లలో వెండి ధరే మూడు రెట్లు దాటింది. మెడలో ఉన్నది మెడలోనే ఉంటే, ఏ గీతా గీయకుండా, ఏ స్కేలూ లేకుండా పెరిగి ఉండేది. ఇది నేను వాకిట్లో చెప్పలేదు. సువర్ణ చెప్పింది.

మోతీ లేచి లోపలికి వెళ్లింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి ఒక పాత రవిక గుడ్డ మూటను కవిత ఒళ్లో పెట్టింది. విప్పితే టోప్లీలు, వాటి కింద వేలాడే చిన్న చిన్న గజ్జెలు, వేళ్ల ఉంగరాలు, నాణేల దండ. అన్నీ చిన్నవే. సారు తెల్లబోయి చూశారు. అవి తల్లి ఎప్పుడో కూతుళ్లకు ఇచ్చేసి ఉంటుందని ఆయన అనుకున్నారు.

"పెద్దయి నీకిచ్చిన" అన్నది మోతీ. "గివి మీ నాయన కట్టిచ్చినయి. ఇయ్య బుద్ధిగాలే. ఇంక నేను పెట్టుకునేది లేదు గద."

కవిత వద్దు నానమ్మా అన్నది. మోతీ ఆ మాట విననట్టే పత్తి ముందు కూర్చుంది.

సోమవారం సువర్ణ, కవిత, సారు ఖమ్మం వెళ్లారు. కొట్టువాడు మట్టీ మెరుగూ పోను తరుగు తీసి తూచాడు. నాలుగు వందల గ్రాముల చిల్లరకు యాభై వేలు వచ్చాయి. కిలో పైచిలుకు హాస్లీ కడియాలూ, వాటి మీద ఆరేళ్ల వడ్డీ, ఇన్నేళ్ల శాస్త్రీయ పరిశీలన, ఇవన్నీ కలిపినా అయింది నలభై ఎనిమిది వేలు. బియ్యం డబ్బాలో మరిచిపోయినట్టున్న చిన్న ముక్కలు రెండు వేలు ఎక్కువే తెచ్చాయి. ఆ సాయంత్రమే ఫీజు కట్టారు. సీటు నిలిచింది.

మూడు వేలు మిగిలాయి. రెండో ఏడు ఫీజు కోసం వీటిని ఎక్కడన్నా పెడతానని సారు తల్లితో అన్నారట. మోతీ వాటిని సువర్ణ చేతికిచ్చింది. ఈసారి కారణం కూడా చెప్పలేదట.

మంగళవారం మధ్యాహ్నం సువర్ణ కాలేజీ గేటు దగ్గరికొచ్చి నన్ను బయటికి పిలిచింది. చేతిలో ఫోను. షేర్లు కొనే ఖాతా తనే ఎప్పుడో తెరిచి పెట్టుకుందట, కొనడం మాత్రం భర్త ఖరారు చేశాకనే అని ఆగిందట. ఏడాదిలో కావాల్సిన ఫీజును షేర్లలో పెట్టకూడదు, అందులోనూ చిన్నవాటిలో అసలు పెట్టకూడదని చెప్పాను. ఆమెకు అది నా నోట వినేముందే తెలుసు. రెండో ఏడుకు తన జీతంలోంచి నెలనెలా పోస్టాఫీసులో వేస్తానంది. "ఈ మూడు వేలు మాత్రం కవిత ఎమ్మెస్సీకి. ఐదేండ్లు ముట్ట. రెండింట్ల సగం సగం గొను."

ఏ ధరకైనా అనకుండా, మేం అడిగిన ధరకే దొరికితే కొనేలా పెట్టాం. పెద్దది వెంటనే వచ్చింది. చిన్నది ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో నేను నా ఫోను కూడా తీసి పాప పేరు మీద అనుకున్నదాన్ని అదే పద్ధతిలో కొన్నాను. నొక్కే ముందు అంకెను మూడుసార్లు సరిచూసుకున్నాను. సువర్ణ తనది ఒక్కసారే చూసి నొక్కింది.

స్టాఫ్‌రూంలోకి వెళ్లి, తీసుకున్న నాలుగు పుస్తకాలూ సారుకు తిరిగిచ్చేశాను. కొనేశానని చెప్పాను. ఏ ధరకు అని అడిగారు. చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"కొంచెం ఆగితే బాగుండు మేడం."

ఆయన టేబుల్ మీద పదిహేనో నోటుబుక్కు ఉంది. కొత్తది. అట్ట మీద ఈసారి ప్రశ్న మారింది: వెండి ఈటీఎఫ్‌లు, ఏది మేలు? మొదటి పేజీలో ఒక్క వాక్యమే రాసి ఉంది. ఇప్పుడు ధర చాలా ఎక్కువగా ఉంది, దిగేదాకా పరిశీలించాలి.