కరుణమ్మ టీచర్ వెనక్కి తీసుకోని కాగితం

పోయిన నెల కోదాడలో ఒక ఫంక్షన్ హాలులో, తెలిసినవాళ్ల పదవీ విరమణ సన్మానంలో కూర్చుని ఉండగా మైకు ఒక్కసారిగా కీచుమంది. అందరూ చెవులు మూసుకున్నారు. నేను మాత్రం ఆ మైకు వైపే చూస్తుండిపోయాను. పక్క కుర్చీలోని రిటైర్డ్ మాస్టారుకు నాది మిర్యాలగూడ అని తెలుసు. మాటల మధ్యలో, "మీ ఊళ్లో పనిచేసిన కరుణమ్మ టీచరు మంచి మనిషేనండీ. కాకపోతే సూర్యాపేట సభలో నాయకులతో లోపాయికారీగా మాట్లాడుకొని, ఆ యుద్ధం కాగితాన్ని వెనక్కి తీసుకుందట గదా" అన్నారు. నేను "ఊఁ" అన్నాను. అలా అన్నందుకే ఇది రాస్తున్నాను.

కరుణమ్మ టీచర్ మిర్యాలగూడలో రైసుమిల్లుల వెనకున్న బడిలో మాకు తెలుగు, సాంఘికం చెప్పేది. పొట్టి మనిషి, నూలు చీర, ఎండైనా వానైనా చేతిలో గొడుగు. ప్రార్థన సమయంలో రోజూ నాతో దినపత్రిక చదివించేది. మొదట్లో నా గొంతు ముందు వరుస దాటేది కాదు. "యాదగిరీ, అరవకు. ఆ చివర్న నిలబడ్డవాడు ఒక్కడికే చెప్తున్నా అనుకొని చెప్పు" అనేది. రెండేళ్లు అలా చదివాక ఏ సభలోనైనా మైకు ముందు వణకకుండా నిలబడటం వచ్చింది. డిగ్రీ మధ్యలో మానేసి ఒక పార్టీలో చేరితే, వాళ్లు నాకు మొదట ఇచ్చిన పని మైకే. పేరుకు జాతీయ పార్టీ, బలం మాత్రం కొద్ది జిల్లాల్లోనే. ఆ పేరు ఇక్కడ అవసరం లేదు. టీచర్ ఏ పార్టీ సభ్యురాలూ కాదు.

ఎనభైల చివర్లో, మన సైన్యం శ్రీలంకకు వెళ్లి అక్కడ పోరాడుతున్న రోజులవి. మిల్లు కల్లాల్లో ఉడికిన వడ్లను కాళ్లతో తిరగేస్తూ ఆరబెట్టే ఆడవాళ్లలో సైదమ్మ ఒకామె. ఆమె కొడుకు లింగయ్య మా బడిలోనే చదివి సిపాయిగా చేరాడు. వాణ్ని లంకకు పంపారని ఉత్తరం వస్తే సైదమ్మ దాన్ని టీచర్ దగ్గరికి తెచ్చి చదివించుకుంది. ఆ తర్వాతే టీచర్ ఆ కాగితం రాసింది. సైన్యాన్ని వెనక్కి పిలిపించాలని మా పార్టీ తీర్మానం చేయాలన్నది అందులోని విషయం. మా జాతీయ మహాసభలు ఆ ఏడు సూర్యాపేటలో పెట్టుకున్నాం. దాన్ని అక్కడ చదివిస్తానని టీచర్‌కు మాట ఇచ్చింది నేనే.

ఆ కాగితం మీద కల్లం ఆడవాళ్ల వేలిముద్రలు తీసుకోవడంలో టీచర్‌కు ఒక పద్ధతి ఉండేది. మా పార్టీవాళ్లమైతే ఇంకు ప్యాడ్ పట్టుకొని, సంగతేమిటో సగం చెప్పి, వేలు పట్టి వత్తించుకొని పోయేవాళ్లం. ఆమె కాగితం మొత్తం చదివి వినిపించి, "ఇప్పుడు నువ్వు చెప్పు, ఏముంది ఇందులో?" అని అడిగేది. చెప్పలేకపోతే మళ్లీ చదివేది, వేలు మాత్రం ముట్టేది కాదు. కల్లం దగ్గర ఒక ముసలమ్మ విసుక్కుంది.

"ఏలు పెడితే రేషన్ కార్డు ఇస్తరా టీచరమ్మా?"

"ఇవ్వరు."

"మరి గింతసేపు ఎండల నిలబెడ్తివి, ఇగ చాయన్న తాపిస్తవా?"

అందరూ నవ్వారు. టీచర్ కూడా నవ్వి, మళ్లీ మొదటినుంచి చదివింది. సైదమ్మ వంతు వచ్చినప్పుడు, "మా పోరగాడు ఆళ్ల పోరగాండ్లను సంపొద్దు, ఆళ్లు మా పోరని సంపొద్దు. గంతే గదా?" అంది. టీచర్ తాను రాసిన నాలుగు వాక్యాలు కొట్టేసి ఆ మాటే రాసింది. అప్పటికే వేలిముద్ర వేసినవాళ్లందరికీ మళ్లీ చదివి వినిపించి, మళ్లీ వేయించుకుంది. అంతా కలిపి మూడు వారాలు పట్టింది. నాకు చిరాకేసింది.

సభ రోజు కల్లం ఆడవాళ్లంతా కూలి మానుకొని లారీలో సూర్యాపేట వచ్చారు. కాగితం వేదిక మీద, నా చేతిలో ఉంది. మా జిల్లా నాయకుడు నన్ను తెర వెనక్కి పిలిచాడు.

"పెద్ద పార్టీతోని పొత్తు మాటలు నడుస్తున్నయ్‌రా. ఇప్పుడు లంక ముచ్చట తీస్తే అంతా గడబిడైతది. ఆమె నీ టీచరే గదా, నువ్వే జర ఖతం చెయ్యి. మండలం బాధ్యత నీకే ఇద్దామనుకుంటున్నం."

నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు. మండలం అనే మాట చాలింది. నేను మైకు దగ్గరికి వెళ్లి, "కరుణమ్మ టీచర్ గారు తమ తీర్మానాన్ని స్వచ్ఛందంగా ఉపసంహరించుకుంటున్నారు" అన్నాను. చివరి వరుస దాకా స్పష్టంగా వినిపించింది.

టీచర్ ఆడవాళ్ల మధ్య నుంచి లేచింది. "నేను తీసుకోలేదు" అంటోందని పెదవుల కదలిక చూసి తెలుసుకున్నాను. ఆమె దగ్గర మైకు లేదు. నేను వెంటనే పార్టీ పేరు ఎత్తి నినాదం అందుకున్నాను. సభంతా "జిందాబాద్" అంది. మా సభలకు వచ్చి వచ్చి అలవాటైన కల్లం ఆడవాళ్లు కూడా చేతులెత్తి "జిందాబాద్" అన్నారు. టీచర్ మాట ఆమె పక్కనున్నవాళ్లకే వినపడలేదు. నేను నాలుగుసార్లు అనిపించాను. ఆమె కూర్చుంది.

వారం తర్వాత ఆమె పార్టీ ఆఫీసుకు వచ్చింది. తిడుతుందనుకున్నాను. నిలబడే మాట్లాడింది.

"కల్లం ఆడవాళ్లు నన్ను నమ్మడం లేదు యాదగిరీ. నాయకులతో మంచిగుండాలని ఎనకకు తీసుకున్నవంట గదా అంటున్నారు. నువ్వు ఒక్కసారి కల్లం కాడికి రా. నన్ను పొగడొద్దు, మీ పార్టీని తిట్టొద్దు. ఆ మాట నువ్వన్నదేనని చెప్పు, చాలు."

"ఆదివారం వస్తా టీచర్" అన్నాను. వెళ్లలేదు. ఆమె మళ్లీ అడగలేదు.

కొన్ని నెలలకు లింగయ్య మందుపాతర మీద కాలు పోగొట్టుకొని మిలిటరీ దవాఖాన నుంచి ఇంటికొచ్చాడు. మా చిన్న పార్టీ ఆ కాగితం చదివినంత మాత్రాన ఢిల్లీలో ఎవరూ కదిలేవారు కాదని నాకు తెలుసు. చాలా ఏళ్లు ఆ మాటే చెప్పుకొని బతికాను. కానీ సైదమ్మ లెక్క వేరు. ఆమె కొడుకు కోసం రాసిన కాగితాన్ని టీచర్ అమ్ముకుంది, అంతే. టీచర్ ఉద్యోగం అయిపోయేదాకా కల్లం ఆడవాళ్లుండే వాడకే వచ్చి సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్పింది. తర్వాత కోదాడలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయి, తొంభైల చివర్లో అక్కడే చనిపోయింది. ఖననం రోజు సమాధుల తోటలో నేనున్నాను. కల్లం నుంచి ఒక్కరూ రాలేదు. పొత్తు అప్పటికి ఎప్పుడో చెడింది, నా మండలం బాధ్యతా పోయింది.

సన్మానం నుంచి వచ్చిన మూడో రోజు మిర్యాలగూడ వెళ్లి సైదమ్మను కలిశాను. లింగయ్య నడిపే కిరాణా కొట్టు అరుగు మీద కూర్చుని ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. లింగయ్య లోపల సామాను సర్దడం ఆపాడు.

"ఏడేండ్లు మా వాడకు వచ్చిందిరా గామె" అంది సైదమ్మ. "పొద్దూకంగ గీడనే నిలబడి మంచినీళ్లడిగింది ఒకపారి. లేవన్న. బిందె నిండ ఉన్నయ్."

"తప్పు నాది సైదమ్మా" అన్నాను.

"నీదే. నువ్వు ఇయ్యాల చెప్పి బరువు దించుకున్నవ్. నేనెవలికి చెప్పాలె? పిచ్చమ్మ పాయె. ముత్తమ్మ పాయె. గురువమ్మ పాయె, పెద్ద లచ్చమ్మ పాయె. అందరు గామెను తిట్టుకుంటనే పాయిరి. ఆళ్లకెవలు చెప్తరు?"

ఒక్కొక్క వేలు ముడుస్తూ ఆమె ఇంకా చాలా పేర్లు చెప్పింది. నేను రాసుకోలేదు. అన్నీ గుర్తున్నాయి.