దీపాల కిటికీ, నాలుగు ప్రింటర్లు

తెలంగాణ ఇంకా రాని రోజులు. గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుల శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటర్‌గా కొత్తగా చేరాను. ఒకరోజు కార్మికులకు ప్రమోషన్ పరీక్ష. లీకవుతాయన్న భయంతో ప్రశ్నపత్రాలు ఆ పొద్దుటే ప్రింట్ చేసేవాళ్లం.

నెట్‌వర్క్‌లో నాలుగు ప్రింటర్లున్నా, అలవాటుకొద్దీ అందరూ మా గదిలోని దానికే పంపేవారు. ఎవరిదో పెద్ద ఫైలు దగ్గర అది ఆగిపోయింది. కాగితం రావట్లేదని మా సారు మళ్లీ మళ్లీ ప్రింట్ నొక్కారు. అవన్నీ దాని వెనకే పేరుకుపోయాయి. బయట నైట్ షిఫ్టు నుంచి నేరుగా వచ్చినవాళ్లు కునికిపాట్లు పడుతున్నారు.

"వాయిదా వేసేద్దామమ్మా" అన్నారు సారు చెమటలు తుడుచుకుంటూ.

ఇంతలో ఒక పెద్దాయన తలుపు దగ్గరికొచ్చాడు. "ఏంది బిడ్డా, ఇంకెంతసేపు? గనిల దీపాల కాడ గూడ గింత ఆలస్యం గాదు."

గనిలోకి దిగేముందు తలదీపాలిచ్చే గది గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాన్నకు టిఫిన్ తీసుకెళ్లి చూసేదాన్ని. ఆ గదికి వరసగా కిటికీలు; కార్మికుల నంబర్లను బట్టి ఎవరి కిటికీ వాళ్లదే, తోపులాట ఉండదు.

పేరుకున్నవన్నీ రద్దు చేశాను. కాపీలను నాలుగు వాటాలు చేసి ఒక్కోటి ఒక్కో ప్రింటర్‌కు పంపాను. పేపర్ బయటికి పోకుండా ఒక్కోదాని దగ్గర ఒకరిని కాపలా పెట్టాను. నాలుగూ ఒక్కసారే గరగరలాడాయి. గంట కొట్టేసరికి అందరి చేతుల్లో పేపర్లున్నాయి.

"ఈ తెలివి ఎక్కడిదమ్మా?"

"మా నాయిన గనిల దీపాల కిటికీ కాడిది సార్."

మర్నాడు సారే కంప్యూటర్లో ప్రింటర్ల పేర్లు మార్చారు: ఒకటో కిటికీ, రెండో కిటికీ... నేనక్కడ మానేసి ఏళ్లయినా "మూడో కిటికీకి పంపక్కా" అనే మాట ఇంకా నడుస్తోందట. చీరకు కాలరుండదు గానీ, ఉంటే ఎగరేసేదాన్నే.