యలమందయ్య గారి నల్ల డబ్బా

యలమందయ్య గారికి తెలియని డయట్ లేదు, ఆయన చేయని డయట్ అసలే లేదు. కొందరికి పేకాట పిచ్చి ఉంటుంది, కొందరికి సినిమాల పిచ్చి ఉంటుంది. ఏలూరిపాలెం యలమందయ్య గారికి సన్నబడే పిచ్చి. సన్నబడటం మాత్రం ఇంతవరకూ జరగలేదు. నెలకో పద్ధతి మారుతుంది, పొట్ట మారదు. వీధి మలుపులో ముందు ఆ పొట్ట కనిపిస్తుంది, తరవాత చంకలో నల్ల డబ్బా, ఆ వెనక ఆయన.

డబ్బా సంగతి కూడా ఇప్పుడే చెప్పుకోవాలి. అది గుంటూరులో కొన్న ప్రొటీన్ పౌడర్ డబ్బా. చిన్న బిందెంత ఉంటుంది. దాని మీద చొక్కా లేని కండల వస్తాదు బొమ్మ ఒకటి. మిరప కల్లంలో తాలుకాయలు ఏరే కరీమున్ ఆ బొమ్మను చూసినప్పుడల్లా ఊరుకునేది కాదు.

"ఏం బాబాయ్, ఈ ఫొటో ఎప్పుడు తీయించుకున్నావు?"

"ఇది వచ్చే ఏడాది ఫొటో అమ్మా. ముందే వేయించి పెట్టా," అనేవారు ఆయన, వస్తాదు మొహం మీది మిరప దుమ్ము తుడుస్తూ.

హీనా ఆ ఊరి విలేజ్ క్లినిక్‌లో నర్సుగా చేరిన మొదటి వారమే ఆయన దర్శనం అయింది. పొద్దున్నే ఇద్దరు మనుషులు ఆయన్ను చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, నాలుక బయటే వేలాడుతోంది. వెనకాలే ఆయన భార్య బసవమ్మ.

"ఏమైందండీ?" అని కంగారుగా అడిగింది హీనా.

"డీటాక్సంటమ్మా," అంది బసవమ్మ. "నిమ్మకాయ నీళ్లల్లో చిటికెడు కారం వేసుకు తాగితే కొవ్వు కరుగుద్దని యూట్యూబులో ఎవరో దొర చెప్పాడంట."

"చిటికెడుకే ఇంత అయిందా?"

"చిటికెడు దొరలకేనంట. గుంటూరోళ్లం, మన ఒంటికి చిటికెడు ఏం తెలుస్తది అని గరిటెడు పోసుకున్నాడు. అదీ మన కల్లంలో ఘాటైన తేజా రకం కాయ ఆడించిన కారం."

హీనా చెంబుడు మజ్జిగ తాగించి, మొహం కడిగించి, గంటసేపు ఫ్యాను కింద కూర్చోబెట్టింది. మాట రాగానే ఆయన అన్న మొదటి మాట ఇది. "కొవ్వు సంగతి తెలియదు గానీ అమ్మాయ్, ఈ ఏడు కాయ మాత్రం ఫస్టుక్లాసు."

ఆ తరవాత ఆయన అన్నం మానేశారు. ఊరంతా చాటింపు వేసినట్టు చెప్పుకుని మరీ మానేశారు. బసవమ్మకు బీపీ చూడటానికి హీనా ఒక రోజు వాళ్లింటికి వెళ్తే, వసారాలో ఆయన ముందు పళ్లెం నిండా ఇడ్లీలున్నాయి, పక్కన నేతిగిన్నె ఉంది.

"అన్నం మానేశానన్నారుగా బాబాయ్ గారూ?"

"మానేశా. మెతుకు ముట్టలా."

"మరి ఇవేంటి?"

"ఇడ్లీలు."

"ఇడ్లీల్లో ఉండేది బియ్యమేగా!"

యలమందయ్య గారు జాలిగా చూశారు. "నరసరావుపేటలో పుట్టిన పిల్లవి, నీకిది తెలియకపోతే ఎట్టా? ఇడ్లీ టిఫినమ్మా. అన్నమంటే కంచంలో పెట్టుకుని కూర కలుపుకునేది. టిఫిను అన్నమెట్టా అవుద్ది?"

ఊళ్లో ఎవరిని కదిపినా ఇదే లెక్క అని హీనాకు మెల్లగా అర్థమైంది. అట్టు అన్నం కాదు, పొంగలి అన్నం కాదు, పులిహోర అయితే ఏకంగా ప్రసాదం. ఉప్పు మానేయమంటే కూరలో మానేస్తారు, ఆవకాయ మాత్రం మానరు, అది పచ్చడి కాబట్టి. ఆ రోజు యలమందయ్య గారి పక్కన బోరు మోటార్ల మెకానిక్ గౌస్ బాషా కూర్చుని బుద్ధిగా జొన్నరొట్టె తింటున్నాడు. "ఒక్కణ్ణే మానలేనురా, తోడుండు అంటే పాపం వచ్చాడు," అని ఆయన పరిచయం చేశారు.

హీనాకు ఒక గుణం ఉంది. ఏదైనా ఎందుకో తెలియకపోతే ఆ పిల్లకు తిన్నది అరగదు. యలమందయ్య గారికి అన్ని పరీక్షలూ చేయించింది. బీపీ బాగుంది, షుగర్ లేదు, కొలెస్ట్రాల్ కూడా పేచీ పెట్టలేదు. పొట్ట కాస్త తగ్గితే మంచిదే గానీ, ఈ మనిషి ఇంత హడావుడి చేయాల్సిన పనే లేదు. అంత హడావుడి చేసినా ఆ పొట్ట అంగుళం కూడా కదలకపోవడం అంతకన్నా వింత.

"ఎందుకండీ మీకు ఇన్ని డయట్లు?"

"సరదా అమ్మాయ్."

"పోనీ ఆ డబ్బా ఇటివ్వండి. అందులో ఏమున్నాయో చూస్తాను."

ఆయన డబ్బాను ఇంకో చంకలోకి మార్చుకున్నారు. "మూత తీస్తే గాలి తగిలి పవరు పోద్ది," అని చెప్పి, ఆ వయసుకు ఆశ్చర్యం కలిగించే వేగంతో మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఆ రోజుల్లో హీనాను నిజంగా భయపెట్టిన మనిషి వేరే ఉన్నారు. ఆయన జక్రయ్య మేస్టారు. హైస్కూల్లో డ్రిల్లు మేస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో ఈల. పత్తికట్టె గీసుకుని ఆయన పిక్క మీద పడిన గాయం నెల దాటినా మానలేదు. హీనా బలవంతాన రక్తం చూస్తే షుగర్ మూడు వందలు దాటింది. పీహెచ్‌సీ డాక్టరు గారు మాత్రలు రాశారు, తిండి మార్చమన్నారు, నడవమన్నారు. మేస్టారు ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నారు, అంతే.

"నీ మిషను తప్పు చూపిస్తంది. జిల్లా పరుగుపందెంలో కప్పు కొట్టినోణ్ణి. నాకు షుగరేందమ్మా?"

ట్రైనింగులో ఉండగా గుంటూరు పెద్దాసుపత్రిలో హీనా ఇలాంటి కాళ్లను చూసింది. అశ్రద్ధ చేస్తే కాలు తీసేసేదాకా వస్తుందని ఆమెకు తెలుసు. చెప్పి చూసింది, బతిమాలింది, ఒకసారి కోప్పడింది కూడా. మేస్టారు ప్రతిసారీ నవ్వి, వెళ్తూ వెళ్తూ మిఠాయి కొట్లో ఆగేవారు. ఏం చేయాలో తోచక హీనా ఒకరోజు మందుల బీరువా వెనక నిలబడి ఏడ్చేసింది.

అదే సమయానికి మేస్టారి కాలికి కట్టు కట్టే దూది కోసమని వచ్చిన యలమందయ్య గారు అది చూశారు. దూది కూడా తీసుకోకుండానే వెళ్లిపోయారు.

మర్నాడు ఆయనా, జక్రయ్య మేస్టారూ కలిసి క్లినిక్‌లో దిగారు. యలమందయ్య గారు తెల్ల బనియను, కొత్త బూట్లలో ఉన్నారు. చంకలో డబ్బా మామూలే.

"అమ్మాయ్, నేను సన్నబడకపోవడానికి కారణం దొరికింది," అన్నారు. "నాకు క్రమశిక్షణ లేదు. అందుకని వీణ్ణి మేస్టారుగా పెట్టుకున్నా. చిన్నప్పుడు ఒక బెంచీ మీద కూర్చున్నోళ్లమే, అయినా ఫరవాలేదు, కొట్టినా పడతా."

జక్రయ్య మేస్టారు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "వీణ్ణి తొంభై కిలోల కిందకి దించకపోతే నా పేరు జక్రయ్య కాదు. దించిన రోజున నా డ్యూటీ అయిపోయినట్టే. ఆ పూటే బిర్యానీ, రెండు రకాల మిఠాయి."

"ఒక షరతుంది," అన్నారు యలమందయ్య గారు అమాయకంగా. "నేనేం తింటే మేస్టారూ అదే తినాల. ఎదురుగా ఎవడన్నా జిలేబీ తింటంటే నా మనసు ఆగదు. మాత్రలు కూడా ఇద్దరం ఒకేసారి మింగాల. నా విటమిను నాది, వాడికి డాక్టరు రాసింది వాడిది."

"నాకు మాత్రలెందుకురా?"

"మేస్టారే మింగకపోతే శిష్యుడేం మింగుతాడురా!"

ఆ మాట పూర్తయ్యేలోపే హీనా మాత్రల షీటు తెచ్చి మేస్టారి చేతిలో పెట్టింది.

అలా మిరప కల్లం చుట్టూ డ్రిల్లు మొదలైంది. ఎర్రటి కాయలు ఎకరాల మేర ఎండుతుంటే వాటి చుట్టూ ముందు మేస్టారు, వెనక శిష్యుడు. ఘాటుకు ఇద్దరికీ తుమ్ములు. మేస్టారు ఈల వేయబోతే తుమ్ము వచ్చేది, తుమ్మబోతే ఈల మోగేది. కాయలు ఏరే ఆడవాళ్లకు పని మీద ధ్యాస పోయింది.

"బాబాయ్, కాయ ఎండింది గానీ నువ్వు ఎండలేదే!" అని కేకేసేది కరీమున్.

మధ్యాహ్నం కొర్రన్నం, తోటకూర, గుడ్డు, మజ్జిగ. బసవమ్మ క్యారియరు కట్టి పంపేది. మేస్టారు శిష్యుడి కంచం మీద ఒక కన్ను వేసే ఉంచేవారు. రెండు నెలలు తిరిగేసరికి ఆయన షుగర్ సగానికి సగం దిగింది. పిక్క మీది గాయం అంచుల నుంచి మూసుకుంటూ వచ్చింది. హీనా కట్టు విప్పినప్పుడల్లా లోపల్లోపలే పండగ చేసుకునేది. యలమందయ్య గారు మాత్రం ఒక కిలో పెరిగారు.

మేస్టారు అవమానంతో కుంగిపోయారు. "నా సర్వీసులో ఇట్టాంటి మొద్దుని చూడలేదమ్మా. తినేది నా కళ్ల ముందే తింటన్నాడు. ఇంకో నెల ఇయ్యి, ఎట్టా తగ్గడో చూస్తా."

హీనా ఇక ఆగలేకపోయింది. బీపీ మిషను పట్టుకుని నేరుగా బసవమ్మ దగ్గరకు వెళ్లింది. వంటింట్లో బసవమ్మ నల్ల డబ్బా మూత తీసి, అప్పుడే చుట్టిన సున్నుండలు అందులో పేరుస్తోంది. నేతి వాసన వీధి దాకా వస్తోంది.

"ఇదా పిన్నిగారూ ప్రొటీను!"

"మినుములేగా, అదీ ప్రొటీనేనంట. ఈయనే చెప్పాడు," అంది బసవమ్మ తొణక్కుండా. తరవాత గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నీ దగ్గర దాచేదేముంది. ఆయన తొంభైకి దిగితే మేస్టారి డ్యూటీ అయిపోద్ది. మళ్లీ మిఠాయి కొట్టు దగ్గర తేలతాడు. 'వాడి కాలు మానిందాకా నేను తగ్గకూడదే, రోజుకి నాలుగు చుట్టు' అని నా ప్రాణం తీస్తన్నాడు."

హీనా అక్కడే పీట మీద కూలబడింది. "మరి అన్నం మానేసింది?"

"గౌస్ బాషాకి అప్పుడే షుగర్ బయటపడింది. ఇంట్లో ఒక్కడికే రొట్టె వేస్తే కంచం తోసేసేవాడంట. ఈయన వాణ్ణి ఇక్కడికే పిలిచి తోడు కూర్చున్నాడు. రొట్టె తిని తినీ నీరసమొచ్చి ఇడ్లీల మీద పడేవాడు."

"డీటాక్స్ కారం ఎవరి కోసం పిన్నిగారూ?"

బసవమ్మ డబ్బా మూత బిగించింది. "అది మాత్రం ఉత్త పిచ్చేనమ్మా," అంది.

హీనాకు పట్టరానంత నవ్వు వచ్చింది, ఆ మనిషి మీద అంతకు మించిన ప్రేమ కూడా పుట్టింది. ఆ రోజు నుంచి ఆయన పొట్ట కనిపిస్తే ఊరట కలిగేది. ఈ పొట్టను తరవాత తీరిగ్గా తగ్గించవచ్చు, ముందు మేస్టారి కాలు నిలబడాలి అనుకుంది.

అయితే ఆ నెలాఖరున యలమందయ్య గారికి వైరల్ జ్వరం తగిలింది. వారం రోజులు జావ తప్ప ఏదీ లోపలికి దిగలేదు. సున్నుండ చూస్తే వాంతి. జ్వరం తగ్గి లేచేసరికి బరువు చూసే రోజు రానే వచ్చింది. మేస్టారి గాయం ఇంకా గోరంత మిగిలి ఉంది, షుగర్ కూడా పూర్తిగా దారికి రాలేదు.

"మొహం లాగింది! దిగాడు, దిగాడు!" అంటూ మేస్టారు శిష్యుణ్ణి క్లినిక్‌లోకి తోసుకొచ్చారు. బిర్యానీకి కబురు కూడా పెట్టేశారు. యలమందయ్య గారు గుమ్మం దగ్గరే ఆగారు. గుటగుటా చెంబుడు నీళ్లు తాగారు. ఇంకో చెంబు అడిగారు. బూట్లతోనే ఎక్కబోతే మేస్టారు విప్పించారు. డబ్బాతో ఎక్కబోతే అదీ లాక్కున్నారు.

ఆయన మిషను మీద నిలబడి దీనంగా హీనా వైపు చూశారు. అంకె ఎనభై తొమ్మిది దగ్గర ఊగుతోంది. జేబులో కళ్లజోడు వెతుక్కుంటూ మేస్టారు ముందుకు వంగుతున్నారు.

హీనా అంతవరకూ రోగి అంకె ఒక్కటీ తప్పు చెప్పి ఎరగదు. ఒక్క అడుగు ముందుకు వేసి, చెప్పు కొనను మిషను అంచు మీద ఆనించింది.

"తొంభై రెండున్నర," అంది.

మేస్టారు కళ్లజోడు పెట్టుకుని అంకె చూశారు. తరవాత ఈల తీసి గట్టిగా ఊదారు. "రేపటి నుంచి రెండు రౌండ్లు ఎక్కువ! బిర్యానీ క్యాన్సిల్!"

యలమందయ్య గారు మొహాన దిగులు పులుముకుని, కాళ్లలో హుషారు ఆపుకోలేక, గంతులు వేసినంత పని చేస్తూ బయటకు నడిచారు. డబ్బా మరిచిపోయారు.

దాన్ని తీసుకోవడానికి మేస్టారు వెనక్కి వచ్చారు. చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగారు.

"అమ్మా హీనా, ముప్పై ఏళ్లు పిల్లల చేత కవాతు చేయించా. మనిషి మొహం కన్నా ముందు నాకు కాళ్లు కనపడతాయి. ఎవరి కాలు వరస దాటి ముందుకొచ్చిందో ఇట్టే తెలిసిపోద్ది."

హీనా గబుక్కున చెప్పు వెనక్కి లాక్కుంది.

"వాడికి మాత్రం చెప్పమాకు," అన్నారాయన. "నన్ను బాగు చేస్తన్నానని మురిసిపోతన్నాడు పిచ్చోడు. నిజంగానే బాగు చేస్తన్నాడు కూడా." డబ్బా మీది వస్తాదును ఒకసారి చూసి, మూత దగ్గర ముక్కు పెట్టారు. "బసవమ్మతో ఒక్క మాట చెప్పు. ఇందులో నెయ్యి తగ్గించమను. వాడు నా వెనక నడిచినప్పుడల్లా ఆ వాసనకి నా ప్రాణం పోతంది."

బయట కల్లం వైపు నుంచి కేక వినిపించింది. "ఒరేయ్ మేస్టారూ, శిష్యుణ్ణి ఎండలో నిలబెట్టి నువ్వు లోపలేం చేస్తన్నావురా?"

"వస్తన్నా!" అంటూ మేస్టారు డబ్బాను జాగ్రత్తగా పొదివి పట్టుకుని, ఎడమ కాలు ముందుకు వేసి కవాతుగా మెట్లు దిగారు.