తొమ్మిదో అధ్యాయం

మొన్న మా అక్క కూతురు ఫోన్ చేసి, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టడానికి ఒక మంచి పుస్తకం పేరు చెప్పమంది. తెలీదన్నాను. కొన్నేళ్లు ఆ పాఠమే చెప్పి బతికిన మనిషి తెలీదనేసరికి వేళాకోళం అనుకుని నవ్వింది. నిజానికి ఆ ప్రశ్నకు ఒకప్పుడు ఒకరికి జవాబు చెప్పి ఉన్నాను. ఆ తర్వాత చెప్పడం మానేశాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా మేనమామ కొత్తగూడెంలో డిగ్రీ కాలేజీ పెట్టాడు. అంతకుముందు మధిరలో పత్తి కొనేవాడు. బస్తాలో చెయ్యి పెట్టి తేమ ఎంతుందో చెప్పగలడు కాబట్టి చదువు సంగతీ అలాగే తేలుతుందనుకున్నాడు. కింద ఎరువుల కొట్టు, పైన మా విద్యాలయం. కంప్యూటర్లు ఎనిమిదింట్లో మూడు పనిచేసేవి. వాటికి పూల గుడ్డలు కప్పి, పిల్లల చెప్పులు బయట విప్పించి లోపలికి పంపేవాళ్లం, హారతివ్వడం ఒక్కటే తక్కువ. నేను అక్కడే లెక్చరర్ని, ఈ ప్రోగ్రామింగ్ పాఠానికి ఎవరిదో పాత నోట్సు చదివి రాయించేవాణ్ణి. లైబ్రరీకి ఆ సబ్జెక్టులో మొదటి పుస్తకం ఏది కొనాలో తేల్చే పని కూడా నాకే అప్పగించాడు. మామయ్య లెక్కలో మంచి పుస్తకమంటే వెనక పాత ప్రశ్నపత్రాలకు జవాబులుండాలి, అంతే.

బల్ల మీదికి అరడజను గైడ్లు వచ్చాయి. అచ్చుతప్పులతో సహా ఒకళ్లది ఒకళ్లు ఎత్తి రాసుకున్నారు. ప్రతిదాంట్లోనూ మొదటి ఉదాహరణ కారే. కారు అనేది క్లాసు, ఎర్ర కారు దాని ఆబ్జెక్టు. ములకలపల్లి అవతలి ఊళ్ల పిల్లలు కారును దగ్గర్నుంచి చూసేది ఎలక్షన్లప్పుడే. అన్నిటినీ ఈసడించి పక్కకు నెట్టి, వెయ్యి పేజీల విదేశీ పుస్తకం ఒకటి తెప్పించాను. బైండింగు దివ్యంగా ఉంది. చంకలో పెట్టుకుని వరండాలో నడిస్తే తోటి లెక్చరర్లు పక్కకు తప్పుకునేవాళ్లు.

ఫైనలియర్లో ములకలపల్లి వైపు అడవి పల్లె అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ల ఊళ్లో డిగ్రీ దాకా వచ్చింది తనొక్కతే. అన్నీ పాసై ఈ ఒక్క పేపరు తప్పింది. రెండు నెలల్లో మళ్లీ పరీక్ష. అదీ పోతే హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి పోవాల్సిందే. ఏ బుక్కు చదవాలని నన్నడిగింది. ఆమె గైడు అనబోతుంటే నేను మొహం చిట్లించి వెయ్యి పేజీల పుస్తకం చేతిలో పెట్టాను. మొదటి పేజీ నుంచి చదివితేనే చదువు, లేకపోతే మానెయ్యమన్నాను.

వాళ్లింట్లో కొత్త మామిడికాయ కూడా పండుగ చేసి పెద్దలకు పెట్టందే నోట్లో వేసుకోరు. ఆ పిల్ల పుస్తకాన్నీ అలాగే చదివింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక పేజీ తేలందే ఇంకో పేజీ తిప్పేది కాదు. నేను మురిసిపోయి క్లాసులో మెచ్చుకున్నాను కూడా. ఆ రచయిత ఎనిమిది అధ్యాయాలు పాత పద్ధతి ప్రోగ్రాములే చెప్పి, తొమ్మిదోదాంట్లో గానీ మా సబ్జెక్టుకు మొదలైన క్లాసు అన్న మాట ఎత్తుకోలేదు. పరీక్షనాటికి ఆమె ఆరో అధ్యాయంలో ఉంది.

తప్పింది. పుస్తకానికి పేపరు అట్ట వేసి మరీ తిరిగి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఏడవలేదు.

"పరీక్షల అడిగినయన్నీ తొమ్మిదో చాప్టర్ కాడికెల్లే ఉన్నయ్ సార్. గాడికెల్లి చదువుమంటే చదువుదును గద. మీరు గీ బుక్కు చదివిన్రా?"

"చదివాను," అన్నాను. విషయసూచిక కూడా చూసిన పాపాన పోలేదు.

ఆమె "అవ్ సార్" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. సాయంత్రం మామయ్య ఆ పుస్తకం తిరగేసి, ఇంకా కొత్తదానిలాగే ఉందని సంతోషించాడు. మర్నాడు కూర్చుని తొమ్మిదో అధ్యాయం చదివాను. సులువుగానే ఉంది. రెండు రోజుల్లో అయిపోయింది. మామయ్యనూ గైడ్లనూ చూసి అంత మిడిసిపడ్డవాణ్ణి, నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ములకలపల్లి బస్సెక్కి వెళ్లి నిజం చెప్పలేదు. రెండేళ్లకు ఎవరో చెప్పారు, ఆమె వేసవిలో బీడీలు చుట్టే తునికాకు కోతకు కూలికి వెళ్తోందని. ఆ పిల్లకు నావల్ల పోయినవి రెండు నెలలే అనుకునేవాణ్ణి. అవి నెలలు కావు, ఏళ్లని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.