ఆయా బిడ్డకు చోటు

మా పెద్దమ్మాయికి ఏడాది నిండేదాకా మా చెల్లెలు నా దగ్గరే ఉండి చూసుకుంది. దానికి పెళ్ళి కుదిరి వెళ్ళిపోయాక ఇంట్లో మనిషి లేకుండా పోయింది. అప్పుడు నేను నరసరావుపేట సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. మావారు మాచర్ల అవతల డ్యాము పనుల్లో సామాన్ల గోడౌను చూసేవారు. శనివారం రైల్లో వచ్చి, ఆదివారం మాతో గడిపి, మళ్ళీ రైలెక్కేవారు. అత్తగారు బెల్లంకొండలో పక్షవాతంతో మంచం పట్టారు. మా అమ్మ క్రోసూరులో కూలికి పోతే తప్ప పొయ్యి వెలగదు. అరవైల మొదట్లో మాట ఇది. పేటలో ఉద్యోగం చేసే ఆడవాళ్ళే తక్కువ. పిల్లల్ని ఎక్కడ వదిలి పోవాలన్న ప్రశ్న మా ఇరుగుపొరుగుకు వింతగా ఉండేది.

పక్క వీధిలో ఒక ముసలామె ఉందని, పత్తిమిల్లుకు పోయే ఆడవాళ్ళంతా పిల్లల్ని ఆమె దగ్గరే వదిలిపోతారని విని, ఒకరోజు పొద్దున డ్యూటీకి పోతూ పోతూ చూడటానికి వెళ్ళాను. పంచలో వరసగా పసిపిల్లలు పడుకుని ఉన్నారు. పొద్దెక్కి ఎండ వాళ్ళ కాళ్ళమీద పడుతున్నా ఒక్కరూ కదలడం లేదు. ఒక బిడ్డ రెప్ప ఎత్తి చూశాను. కంటిపాప ఆవగింజంత ఉంది. ఏం పెట్టావని అడిగితే, నల్లమందు అని దాచకుండా చెప్పింది ముసలామె. పెట్టకపోతే ఇంతమందిని తనొక్కతే ఎట్లా సంబాళిస్తుందని నన్నే అడిగింది. కోపంతో వెనక్కి వచ్చేశాను. ఒక్క మనిషికి అంతమంది పసివాళ్ళను అప్పగించి పోవలసిన తల్లులమీద కోపగించడానికి మాత్రం మనసు రాలేదు.

స్టేషను రోడ్డులో ఊరి మహిళా సంఘం వాళ్ళు నడిపే శిశువిహారం ఒకటుండేది. దాన్ని అందరూ పిల్లల బడి అనేవాళ్ళు. పెంకుటిల్లు, ముందు వేపచెట్టు. సందు మలుపు తిరగకముందే లోపలి గోల వినిపించింది. ఆ గోల వినగానే నా ప్రాణం కుదుటపడింది. ఇద్దరు ఆయాలు. ఒకామె వయసు మళ్ళిన విధవరాలు. రెండో ఆమెకు ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటాయి. చంకలో ఒక బిడ్డ, కొంగు పట్టుకుని ఒక బిడ్డ. నేను నోరు తెరిచేలోపే మా పిల్ల వైపు చూసి, "ఏందే, అట్టా చూస్తన్నావు? రా," అని చేతులు చాపింది. కొత్తవాళ్ళను చూస్తే ఏడ్చే పిల్ల ఆమె మీదకు ఉరికింది. ఆ పూటే చేర్చేశాను.

అక్కడినుంచి కొన్ని వారాలు హాయిగా గడిచాయి. సాయంత్రం తీసుకురావడానికి పోతే పిల్ల ఒళ్ళంతా దుమ్ము, నోటినిండా నవ్వు. మావారికి కూడా నచ్చింది. మంచి చోటు ఎంచుకున్నానని నాలో నేను మురిసిపోయాను.

ఒకరోజు ఆసుపత్రిలో పసిపిల్లల మంచాల దగ్గర ఉండగా ఒక ముసలమ్మ మనవణ్ణి ఎత్తుకొచ్చింది. ఐదు నెలల మగబిడ్డ. విరేచనాలతో డొక్కలు అంటుకుపోయి, కళ్ళు లోతుకు పోయి ఉన్నాడు. వాడికి ఏం తాగిస్తున్నావని అడిగితే బెల్లం కలిపిన గంజి అంది. తల్లికి పాలు లేవా అన్నాను.

"పాలకేం, ఉన్నయ్యమ్మా. ఉండి ఏం లాభం? పగలంతా మా కోడలు స్టేషను రోడ్డులో పిల్లల బడి కాడ ఉంటది. వీణ్ణి తేవద్దన్నారంట."

డాక్టరుగారు చూసి మందు రాసిచ్చారు. కాచి చల్లార్చిన నీళ్ళే పట్టమని, గంజి ఆపమని ముసలమ్మకు చెప్పి పంపాను. కానీ పగలంతా ఆ బిడ్డకు కావలసింది మా ఆసుపత్రిలో ఎక్కడా దొరకదని నాకు తెలుసు.

ఆ సాయంత్రం పిల్ల కోసం పోయినప్పుడు చిన్న ఆయాను కొత్తగా చూసినట్టు చూశాను. రవిక ముందు తడిసి ఉంది. లోపల గుడ్డ మడతలు పెట్టుకుంది. రోజూ ఉండేదే, నా కంటికి ఆనలేదు. నా బిడ్డను ఎత్తుకున్న ప్రతిసారీ ఆమెకు తన బిడ్డ గుర్తొచ్చి పాలు పొంగుతుంటాయి కాబోలు అనిపించింది. మా పిల్లను నా చేతికిస్తూ మామూలుగానే నవ్వింది.

ఆదివారం మావారితో విషయం చెప్పాను. ఇలాంటి చోట మన పిల్లను ఉంచడం పాపం, మానిపిస్తానన్నాను. ఆయన వెంటనే సరే అనలేదు. ఆ ఆయాతో ముందు మాట్లాడమన్నారు.

మర్నాడు పొద్దున కాస్త ముందుగా పోయాను. ఆమె వాకిట్లో పిల్లల పక్కగుడ్డలు ఉతుకుతోంది. వాళ్ళ అత్త బిడ్డను ఆసుపత్రికి తెచ్చిందని, సంగతంతా తెలిసిందని చెప్పి, మా పిల్లను ఇక్కడ మానిపించాలనుకుంటున్నానని కూడా చెప్పాను. ఆమెకు సంతోషం కాకపోయినా కొంచెం ఊరట కలుగుతుందనుకున్నాను. ఆమె గుడ్డ పిండటం ఆపి నావైపు చూసింది.

"మీ పిల్లను తీసుకుపోతే నా పిల్లోడికి పాలొస్తయ్యా నర్సమ్మా?"

పిండిన గుడ్డను దండెం మీద ఆరేసి మళ్ళీ అంది:

"మీరు మానిపిస్తారు. మిమ్మల్ని చూసి పంతులమ్మ వాళ్ళబ్బాయిని మానిపిస్తది. ఇంకో ఇద్దరు మానిపిస్తే ఈ తలుపుకు తాళం పడతది. మీ మనసు బాగుంటది. నేను మళ్ళీ పిడుగురాళ్లలో సున్నపు బట్టీ కాడికి పోవాల. పిల్లోణ్ణి ఆ దుమ్ములో పడుకోబెట్టుకోవాల. అందుకేగా అక్కణ్ణించి వచ్చింది."

"మరి ఏం చెయ్యమంటావమ్మా?"

"నేనడిగితే కుదరదన్నారు. మీరడగండి. మీరు పోతే కుర్చీ వేస్తారు."

సంఘానికి ప్రెసిడెంటు ఊళ్ళో పేరున్న మోతుబరి ఇంటి ఆడపడుచు. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. పిల్లల బడికి తన వాటా ఇల్లు ఊరికే ఇచ్చింది. నేను పోతే నిజంగానే కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించింది. సంగతి చెబితే శాంతంగానే విన్నది. తన బిడ్డ పక్కనుంటే ఆయా మిగతావాళ్ళను పట్టించుకోదని ఆమె అనుమానం. బిడ్డ ఇంట్లో గంజి తాగి నీరసించిపోతుంటే ఇప్పుడు మాత్రం ధ్యాస ఎక్కడుంటుందండీ అన్నాను. ఆ మాటకు తల ఊపింది. కానీ అసలు సంగతి అది కాదు. అన్ని ఇళ్ళ పిల్లలూ ఒకే చాప మీద కూర్చుంటారని, ఆ ఆయా ఊరవతల ఏ పల్లె నుంచి వస్తుందో నాకు తెలియనిది కాదని మెల్లగా అంది.

"మా అమ్మ నన్ను కన్నదీ అట్టాంటి పల్లెలోనేనండీ. మా పిల్ల రోజూ ఆ చాప మీదే కూర్చుంటంది," అన్నాను.

"నీ సంగతి వేరు నర్సమ్మా."

"ఏం వేరండీ?"

ఆమె నా తెల్లచీర వైపు చూసి, చూపు తిప్పుకుంది. నేను లేచి రాలేదు. చాలాసేపటికి ఆమె, తల్లులంతా ఒప్పుకుంటే తను అడ్డం రానని చెప్పింది. ఇష్టం లేక చెప్పిన మాటే. కానీ చెప్పింది.

ఆడపిల్లల స్కూల్లో పనిచేసే పంతులమ్మ కొడుకు కూడా ఆ బడిలోనే ఉండేవాడు. ఆదివారం చర్చి అయ్యాక ఆమెను తోడు తీసుకుని ఇల్లిల్లూ తిరిగాను. కిరాణా కొట్టువాళ్ళ ఇంట్లో కాఫీ ఇచ్చి, ఆయన్ని అడిగి చెబుతామన్నారు. మర్నాటినుంచి వాళ్ళ పిల్ల రాలేదు. ఇంకో ఇంట్లో మొహమ్మీదే కాదన్నారు. తలవంచుకుని మూడో ఇంటికి పోతే, అది ఒక రైతు ఇల్లు, కోడలు ఏం చెప్పాలో తెలియక అత్త వైపు చూసింది. ఆ పెద్దావిడ మిరపకాయల తొడిమలు తీస్తూ తలెత్తకుండానే అంది:

"మావాడు రోజూ ఆ పిల్ల చేతి ముద్దే గదమ్మా తింటంది. దాని బిడ్డ పక్కన కూర్చుంటే ఏమైపోతాడు? తెచ్చుకోమనండి."

ఆ మాట పట్టుకుని మిగిలిన ఇళ్ళకు పోయాం. మొత్తానికి రెండు ఇళ్ళవాళ్ళు మానుకున్నారు, మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. బడి మూతపడలేదు.

బిడ్డను తెచ్చుకున్న మొదటి రోజు నేను మధ్యాహ్నం డ్యూటీకి మార్పించుకుని అక్కడే ఉన్నాను. వాడికి ఉతికిన చొక్కా వేసి, బుగ్గన కాటుక చుక్క పెట్టి తెచ్చింది. ఆసుపత్రికి వచ్చినప్పటికంటే కొంచెం తేరుకున్నాడు. ప్రెసిడెంటుగారు కూడా పొద్దున్నే వచ్చి గోడవారన ముక్కాలిపీట మీద కూర్చుంది. సరిగ్గా పిల్లలకు అన్నం పెట్టేవేళ వాడు గుక్కపట్టి ఏడవసాగాడు. అందరి చూపూ ఆయా మీదే. ఆమె చేతిలో ఉన్న ముద్ద ఎవరికి కలిపిందో ఆ బిడ్డ నోట్లో పెట్టింది. గిన్నె కింద పెట్టి, చెయ్యి కడుక్కుని, కొడుకును ఎత్తుకుని గోడ వైపు తిరిగి కూర్చుని పాలిచ్చింది. ఏడుపు ఆగిపోయింది. ఆకలిగా చూస్తున్న మిగతా పిల్లలు ఇప్పుడు ఏడుపు అందుకోబోయారు. అప్పుడు ప్రెసిడెంటుగారు లేచి గిన్నె అందుకుని తనే పెట్టడం మొదలుపెట్టింది. ఆమెకు పిల్లలు లేరు. అలవాటు లేక ముద్దలు మరీ పెద్దవి కలిపింది. మా పిల్ల ఆమె చీర మీదే ఉమ్మేసింది. ఆమె రెండో ముద్ద చిన్నది చేసింది.

అంతా సర్దుకుందనుకుంటుండగా పెద్ద ఆయా నన్ను పక్కకు పిలిచి, తనకు పాలు తాగే బిడ్డ లేడు గదా, మరి తనకోసం నేను ఎవరిని అడిగానని నిలదీసింది. అప్పుడు తెలిసింది, ఇద్దరూ మధ్యాహ్నం నిలబడే, పిల్లల వెనక తిరుగుతూనే ఇన్ని మెతుకులు తింటున్నారని. ఆ మాట మళ్ళీ ప్రెసిడెంటుగారి దగ్గరకు తీసుకుపోయాను. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. మధ్యాహ్నం ఒకరి తరవాత ఒకరు కూర్చుని తిని నడుం వాల్చేటట్టు, ఆ వేళకు తల్లుల్లో ఖాళీగా ఉన్నవాళ్ళో, ఆమెగారో వచ్చేటట్టు ఏర్పాటు చేసుకున్నాం. తల్లులు రాని రోజులూ ఉన్నాయి. ఆమె మాత్రం దాదాపు రోజూ వచ్చేది. చివరికి పిల్లలు ఆమెను కూడా ఆయా అనే పిలిచేవాళ్ళు.

రెండేళ్ళ తరవాత నాకు గురజాల బదిలీ అయింది. అప్పుడు నేను మళ్ళీ కడుపుతో ఉన్నాను. చిన్న ఆయాను మాతో గురజాల రమ్మన్నాను. బిడ్డతో సహా మా ఇంట్లోనే ఉండవచ్చు, సొంత చెల్లెల్లా చూసుకుంటానని చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

"రాను నర్సమ్మా. ఇక్కడ నలుగురి మధ్య ఉన్నా. మీ ఇంట్లో నేనొక్కదాన్నే అవుతా. అక్కడ నాకు కష్టమొస్తే, మీతో చెప్పడానికి ఎవుర్ని పంపాల?"

అప్పటికి నొచ్చుకున్నాను. నేను అట్లాంటిదాన్నా అనుకున్నాను. రైలు పిడుగురాళ్ల దాటి, సున్నపు బట్టీల పొగ వెనకబడేదాకా ఆ మాటే తలలో తిరిగింది. నేను ఎట్లాంటిదాన్నయినా, ఒంటరిగా నా దయ మీద ఉండవలసిన అవసరం ఆమెకేమిటి అని తట్టాక మనసు తేలికపడింది.

గురజాలలో పిల్లల బడి లేదు. రెండో కాన్పు అయ్యాక నేనూ, మరో ముగ్గురు తల్లులమూ కలిసి పాస్టరుగారిని అడిగి చర్చి వరండాలో ఒకటి మొదలుపెట్టుకున్నాం. పనికి ఇద్దరిని కుదుర్చుకున్నాం. ఇద్దరిలో ఒకామెకు చంటిబిడ్డ, ఇంకొకామెకు నడిచే పిల్ల. తెచ్చుకోవచ్చా అని వాళ్ళు అడగలేదు. మొదటి రోజు చంకనేసుకుని నేరుగా లోపలికి వచ్చేశారు. ఉయ్యాలలు కట్టడానికి తెచ్చిన తాడు చాలలేదు. మా ఇంటి చేంతాడు తెచ్చి, కోసి, ఇంకో ఉయ్యాల వేశాం.