కాంక్రీట్ గడిలో ముప్పై అయిదు

గోదావరిఖనిలో మా చిన్న డిజైన్ ఆఫీసు మొదటినుంచీ క్వార్టర్లు, షెడ్లు, ప్రహరీ గోడలతోనే బతికింది. కమాన్‌పూర్ వైపు వాగు మీద వంతెన పని వచ్చినప్పుడు అది నాకే అనుకున్నాను. ఆఫీసు తెరిచిన నాటినుంచి ఉన్నదాన్ని కదా! మా సార్ దాన్ని నిరుడు చేరిన కాసిపేట అమ్మాయికి ఇచ్చారు. ఆమె వంతెనల సాఫ్ట్‌వేర్ నేర్చుకుని వచ్చిందట. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా అమ్మ అంటుంటే వినేదాన్ని. ఆ చెవులు నావే అవుతాయనుకోలేదు.

ఆమె కుర్చీ నా పక్కనే. వంతెన గీసే ముందు కాంక్రీట్ అంటే ఏమిటో, ఇనుప సలాక అంటే ఏమిటో కంప్యూటర్‌కు చెప్పాలి. దేని బరువెంత, బలమెంత, లాగితే ఎంత సాగుతుంది అన్నీ గడుల్లో నింపాలి. ఆమె కూనిరాగం తీస్తూ నింపేది. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూసేదాన్ని. మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా విప్పితే పచ్చిపులుసు వాసన బాగుండేది. దానికీ ఒళ్ళు మండేది.

ఒకరోజు ఆమె డబ్బా కడగడానికి వెళ్ళినప్పుడు ఆమె స్క్రీన్ చూశాను. పని ఇచ్చినవాళ్ళు విదేశీ కోడ్‌తో, అంటే అక్కడి డిజైన్ నియమాలతో కూడా ఒకసారి సరిచూడమన్నారు. ఆ కోడ్ కింద కాంక్రీట్ బలం గడిలో ముప్పై అయిదు అని ఉంది. నా గుండె సంతోషంతో కొట్టుకుంది. మనం సైటులో కాంక్రీట్‌ను చతురస్రపు క్యూబులుగా పోసి, నానబెట్టి, మిషన్‌లో పగలగొట్టి బలం చెబుతాం. ఆ కోడ్ పుట్టిన చోట గుండ్రంగా, పొడుగ్గా సిలిండర్లు పోస్తారు. అదే కాంక్రీట్ సిలిండర్‌గా పోస్తే తక్కువ ఒత్తిడికే పగులుతుంది. క్యూబుకు ముప్పై అయిదంటే, ఆ గడిలో సిలిండర్ లెక్కన ఇరవై ఎనిమిదే ఉండాలి. క్యూబులు పగలగొడుతూ పని నేర్చుకున్న మనలాంటివాళ్ళే చేసే తప్పు అది. లేని బలాన్ని వంతెనకు అంటగట్టడమే.

ఆమెకు చాటుగా చెప్పలేదు. సార్ మా బల్ల దగ్గరికి వచ్చేదాకా ఆగాను.

"సార్, గా ముప్పై అయిదు క్యూబుదా, సిలిండర్‌దా? జర అడుగుండ్రి" అన్నాను.

ఆమె స్క్రీన్ వైపు చూసింది. ముఖం పాలిపోయింది.

"క్యూబుదే సార్. నేనే తప్పు పెట్టిన. అక్క చూడకుంటె గట్లనే పోతుండె" అంది. తర్వాత నావైపు తిరిగి, "మంచిగ పట్టినవ్ అక్కా" అంది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఇక వంతెన నా చేతికి వచ్చినట్టేనని నేను కుర్చీ సర్దుకున్నాను.

"ఇగ నుంచి గిట్లనే నడవనీ. ఈ పిల్ల చేస్తది, నువ్వు చూడు. నీ కంటికి తప్పు దొరకకుండ పోదు" అన్నారు సార్.

ఆ తర్వాత ఇంకో రెండు వంతెనలు వచ్చాయి. ప్రతి డ్రాయింగు మూలన డిజైన్ అన్న గడిలో ఆమె పేరు, దాని కింద తనిఖీ అన్న గడిలో నా పేరు. ఆమె ఇప్పుడు గడి గడికీ ఆగి చూసుకుంటుంది, ఆ జాగ్రత్త నేర్పింది నేనే. మొన్న వచ్చిన ఫైలులో పొద్దంతా తప్పు కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు. సంతకం పెట్టాను.