పంపని తిట్టుకు చెప్పిన క్షమాపణ

తిట్టి దొరికిపోయినవాళ్లు లోకంలో ఎంతోమంది ఉంటారు. క్షమాపణ చెప్పి దొరికిపోయినవాణ్ణి మాత్రం బహుశా నేనొక్కణ్ణే. ఉద్యోగం ఊడేదాకా తెచ్చుకున్న ఆ ఘనకార్యం గురించి చెబుతాను, వినండి. ఇప్పుడు మీరు నవ్వినా ఫర్వాలేదు. అప్పట్లో నాకు ముద్ద దిగలేదు.

అరవైల మొదట్లో మాట. శింగనమల హైస్కూల్లో నేను టెంపరరీ మాస్టర్ని. మాది అనంతపురంలో నూనె వ్యాపారం చేసే ఇల్లు. కాయల బస్తాల మధ్య పెరిగాను గనక వేరుశనగ గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. బి.ఎడ్.లో మాకు పాఠం చెప్పిన ప్రొఫెసరుగారు ఉపాధ్యాయుల కోసం ఒక పత్రిక నడిపేవారు. ఎవరైనా వ్యాసం పంపితే రాసినవారి పేరు తీసేసి, విషయం తెలిసిన మరొకరికి పంపి, అచ్చుకు పనికొస్తుందో లేదో చెప్పమనేవారు. ఆ పరిశీలకుడు పట్టిన తప్పులను టైపు కొట్టించి, ఈసారి అతని పేరు తీసేసి రచయితకు పంపేవారు. రచయిత ఇచ్చిన జవాబు మళ్లీ ఆ పరిశీలకుడి దగ్గరికే వచ్చేది. ఒకరి మొహం ఒకరు చూడకుండా జరిగే తగవన్నమాట.

అలాంటి పరిశీలకుడి పని ప్రొఫెసరుగారు నాకూ ఇచ్చారు. ఇక నా కాళ్లు నేల మీద ఆనితే ఒట్టు. ఆయన దగ్గరున్నది మా అంగడి చిరునామా గనక కాగితాలు అనంతపురానికి వచ్చేవి. నేను పనిచేసేది ఏ ఊళ్లోనో ఆయనకు తెలియదు. దయచేసి ఈ ముక్క గుర్తుంచుకోండి.

మొదటి వ్యాసం వచ్చింది. వేసవి సెలవులు తగ్గించి, వేరుశనగ కాయలు పీకే కాలంలో బడికి సెలవులివ్వాలని అందులో రాశారు. ఆ రోజుల్లో పిల్లలు ఎలాగూ చేన్లలోనే ఉంటారనీ, వచ్చిన కొద్దిమందీ బెంచీల మీద నిద్రపోతారనీ వాదన. నాకు నవ్వొచ్చింది. పెన్ను తీసి, "ఈ రచయిత విద్య గురించి కాక వ్యవసాయం గురించి రాశారు. దీన్ని ఏదైనా వ్యవసాయ పత్రికకు పంపడం మంచిది" అని రాసి, నా తెలివికి నేనే మురిసిపోయి పోస్టులో పడేశాను.

కొన్నాళ్ల తర్వాత మా హెడ్మాస్టరు ఓబుళరెడ్డి సారు సాయంత్రం బడి వదిలాక నన్ను గదిలోకి పిలిచారు. నన్ను పర్మనెంటు చెయ్యమని పైకి రాయాల్సింది ఆయనే. ఆ మంచి మాట చెబుతారేమోనని ఆశగా వెళ్లాను.

"కూచోప్పా. నేనొక వ్యాసం రాసింటి. ఎవడో దాన్ని యవసాయ పత్రికకు పంపమంటాండాడు" అన్నారు.

బల్ల మీదున్నవి నా మాటలే, టైపులో.

"ఎవరు సార్ వాడు?" అన్నాను.

"పేరు తీసేసినారు గదా. యాడో ఫ్యాను కింద కూచున్నోడు. దొరకనీ, చెప్తా వాని సంగతి. నీ తెలుగు బాగుంటాది, నేను చెప్తా, జవాబు రాయి."

నన్ను తిట్టే జవాబు నా చేతే రాయించడం మొదలైంది. రెండు పేజీలు సజావుగానే సాగింది. చివర్లో ఆయనకు కోపమొచ్చింది. "ఇదీ రాయి. ఈ పరిశీలకుడు శెనక్కాయల్ని అంగట్లో తూకం వేసేటప్పుడు చూసినోడే గానీ, చేన్లో చూసినోడు కాదు."

నా చెయ్యి ఆగిపోయింది. నూనె అంగడి వాణ్ణని తెలిసే అంటున్నారా? తలెత్తి చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"రాసినావా?"

"రాసినా సార్."

కాసేపు ఆలోచించి, "వద్దులేప్పా, కొట్టెయ్. పెద్దోళ్లం, మనకెందుకు ఆ మాట" అన్నారు. కొట్టేశాను. శుభ్రంగా వేరే కాపీ రాసి ఆయన సంతకంతో పంపించాం.

ఊహించినట్టే ఆ జవాబు, సంతకం ముక్క పోగొట్టుకుని, తిరిగి తిరిగి మా అంగడికే వచ్చింది. నా అక్షరాలే నన్ను చూస్తున్నాయి. బుద్ధున్నవాడైతే, "ఈయన నాకు తెలిసినవారు, వేరేవారికి పంపండి" అని ప్రొఫెసరుగారికి రాసేవాడు. నాకేమో భయం. పైగా, సారును సంతోషపెట్టే అవకాశం చేజారుతుందేమోనన్న దురాశ. వ్యాసాన్ని ఆకాశానికెత్తేశాను. వెంటనే అచ్చు వెయ్యమన్నాను. అంతటితో ఆగానా? ఆ తూకం మాట అప్పటికీ చెవిలో గింగురుమంటోంది. చివర్లో ఇలా చేర్చాను: "రచయిత అన్న మాట నిజం. నేను వేరుశనగను అంగట్లో తూకం వేసేటప్పుడే చూశాను గానీ చేలో చూడలేదు. క్షమించగలరు."

మీకు అర్థమైపోయింది కదూ. నాకు మాత్రం మళ్లీ హెడ్మాస్టరు గదిలో కూర్చునేదాకా అర్థం కాలేదు.

సారు ముఖం వెలిగిపోతోంది. "వాడు దిగొచ్చినాడప్పా. ఏం పొగిడినాడనుకున్నావ్" అంటూ టైపు కాగితం పైకి చదవసాగారు. నేను తల ఊపుతున్నాను. చివరికొచ్చేసరికి ఆయన గొంతు నెమ్మదించింది. తూకం మాట ఒకసారి చదివారు. కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చదివారు.

"ఈ మాట మనం పంపలేదు గదప్పా."

ఆయన కాగితం నా వైపు తిప్పి చూపించారు.

"ఈ గదిలోనే కొట్టేసినాం. అప్పుడు ఈడ ఉండింది నేనూ, నువ్వూ. నేనైతే చెప్పలా."

నా పర్మనెంటు ఉద్యోగం కళ్ల ముందే ఆవిరైపోయింది. కొడుకు మాస్టరయ్యాడని బజారంతా చెప్పుకుంటున్న నాయన గుర్తొచ్చాడు. మళ్లీ కాయల బస్తాల మధ్యకే పోవాలి. నిజంగా ఏడుపొచ్చింది.

"తప్పయిపోయింది సార్."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఆదివారం మా చేనికి రా. చూడలేదని నువ్వే ఒప్పుకున్నావ్ గదా."

"మరి నా పర్మనెంటు, సార్?"

"ముందు కాయలు పీకు."

పీకాను. గట్టిపడిన ఎర్రనేల ఒక్కో చెట్టునూ నాతో బేరమాడి గానీ వదల్లేదు. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి, సాయంత్రానికి నడుం వంగినది వంగినట్టే ఉండిపోయింది. సారు గట్టు మీంచి అడిగారు.

"చెప్పప్పా. రేపు పిల్లోళ్లు బడికొచ్చి నిద్రపోతే బెత్తం తీస్తావా?"

"రేపు నేనే నిద్రపోతాను సార్."

ఆయన నవ్వారు. ఆ నవ్వు చూశాకే నాకు ఊపిరాడింది. మర్నాడే నా సిఫార్సు కాగితం పైకి వెళ్లింది, తర్వాత వ్యాసమూ అచ్చయింది.

కాయలు పీకిన ఆ సాయంత్రమే గట్టు మీద కూలబడి, బొబ్బలెక్కిన అరచేతిని ఎర్రమట్టి మీద పెట్టి ప్రమాణం చేశాను. ఎవరి వ్యాసమైనా సరే, తప్పులుంటే పడతాను, అది నా ధర్మం. నాకు చేరిన తిట్లన్నీ వినయంగా స్వీకరిస్తాను. నాకు చేరని తిట్టుకు మాత్రం ఈ జన్మలో ఇంకెప్పుడూ క్షమాపణ చెప్పను.